పెద్దక్క పెట్టిన అర్జీ

“మూడు రోజుల సదస్సుకా? నువ్వా?” మేనేజరు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. “ఆరు గంటల బస్సు ప్రయాణం, బస, భోజనం... అంతా ఆఫీసే పెట్టుకోవాలా?”

“ఎందుకు పెట్టుకోవాలో అర్జీలో వివరంగా రాశానండి,” అంది పెద్దక్క.

గ్రంథాలయంలో పాత పుస్తకాలు బాగుచేసే గదిలో చిన్నాపెద్దా అందరికీ ఆమె పెద్దక్కే. ఇరవై రెండేళ్లుగా చిరిగిన పుటలు అతికించి, ఊడిన అట్టలు కుట్టి, ఆమె వేళ్లకు జిగురు వాసన పట్టేసింది. ఎండైనా వానైనా అరగంట నడిచే పనిలోకి వస్తుంది. వట్టి పిసినారి అని తోటివాళ్లు నవ్వుకుంటారు.

మేనేజరుకి సూది పట్టుకోవడం రాదు గానీ, కుట్టు వంకర పోయిందని చెప్పడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఆయన బల్ల మీదికి ఎవరి కాగితం వెళ్లినా, డైరెక్టరు దగ్గరికి ఆయన పేరుతోనే చేరుతుంది. ఇక సెలవు అడిగితే మాత్రం ఆస్తి అడిగినట్టే. వచ్చే బుధవారం అమ్మకి కంటి ఆపరేషనని గదిలో అందరికంటే చిన్నపిల్ల నిన్ననే మొరపెట్టుకుంది. “రెండుసార్లు వాయిదా పడిందన్నావుగా, మూడోసారీ పడనీ” అనేశాడు మహానుభావుడు.

“ఇంతకీ అక్కడ ఏం నేర్పుతారు?”

“తడిసిన పుస్తకాల్ని పాడవకుండా ఆరబెట్టడం అండీ.”

“అది మనకి రాదూ?”

“వచ్చనుకోండి. కానీ చివరి రోజు ఒక్కొక్కరినీ వేదిక మీదికి పిలిచి ప్రశంసాపత్రం ఇస్తారు. ఫొటో పత్రికలో వేస్తారు.”

కళ్లద్దాలు నుదుటి మీంచి ముక్కు మీదికి దిగాయి. “ఎవరెళ్లినా ఇస్తారా?”

“ఎవరెళ్లినా ఇస్తారండి. తిరిగొచ్చాక డైరెక్టరుగారు ఎదురుగా కూర్చోబెట్టుకుని విశేషాలన్నీ వింటారట.”

“ఆఫీసు పంపేది ఒక్కరినేనా?”

“ఒక్కరినేనండి. అందుకే ఇంతగా బతిమాలుతున్నా. ఇరవై రెండేళ్లలో నేనేదీ అడగలేదు.”

మేనేజరు అర్జీని తనవైపు లాక్కున్నాడు. “ఇక్కడ పెట్టి వెళ్లు, చూద్దాం.”

“చివరి కాగితానికి పిన్ను కొట్టలేదండి. నా పేరు, సంతకం దాని మీదే ఉన్నాయి. కాస్త జాగ్రత్త.”

శుక్రవారానికల్లా డైరెక్టరు మంజూరు చేశాడు. నోటీసు బోర్డు దగ్గర అందరూ మూగారు. సదస్సుకి మేనేజరుగారు వెళ్తున్నారు. మంగళవారం నుంచి గురువారం దాకా ఆయన స్థానంలో అందరికంటే సీనియర్ అయిన పెద్దక్క ఇన్‌ఛార్జిగా ఉంటుంది.

గది గదంతా భగ్గుమంది. “నోటికాడి కూడు తన్నుకుపోయాడు!” అన్నాడు అట్టలు కోసే ఆయన. “నువ్వు రాసిన అర్జీయే కదక్కా, అక్షరం కూడా మార్చలేదట! డైరెక్టరుగారి దగ్గరికి పోదాం పద.”

“పోనిద్దురూ,” అంది పెద్దక్క, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

ఆమె మంచితనం చూసి అందరూ మేనేజరుని ఇంకో నాలుగు తిట్లు తిట్టుకున్నారు.

మంగళవారం పొద్దున్నే మేనేజరు కొత్త చొక్కా తొడుక్కుని బస్సెక్కాడు. పెద్దక్క ఆయన కుర్చీలో కూర్చుని, సొరుగులో అడుగున పడి ఉన్న సెలవు కాగితం బయటికి తీసి సంతకం పెట్టింది.

“పరుగెత్తు. మీ అమ్మ కళ్లు బాగయ్యేదాకా ఇటు రాకు.”

చిన్నపిల్ల ఆ కాగితాన్ని గుండెకి హత్తుకుని ఏడ్చేసింది. “నాకు సెలవు దొరికింది గానీ అక్కా, నీ ప్రయాణం పోయిందిగా! ఎంత ఆశపడి రాశావో. నీకు కోపమే రాదా?”

పెద్దక్క పెన్నుకి మూత పెట్టి, చిన్నగా నవ్వింది.

“పిచ్చిదానా, వీధి చివరిదాకా బస్సెక్కినా నాకు వాంతులే!”