తోడు కంచం

"అన్నం తగ్గించకుంటే మోకాళ్లు పోతయన్నడు డాక్టరు. వింటలేవు," అన్నాడు ఇన్నయ్య మూడోసారి.

"పిడికెడే తింటున్న," అంది భార్య ఇన్నమ్మ.

"మరి ఎనభై ఆరు కిలోలు గాలికొచ్చినయా?"

అంతలో పాల్వంచ ప్లాంటులో పొద్దటి షిఫ్టు దిగి పెద్దకొడుకు బెన్నీ వచ్చాడు. "అమ్మా, ఆకలి. ఒక్కనికి ముద్ద దిగదు, నువ్వూ పెట్టుకో."

నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్న చిన్నకొడుకు లోపలి నుంచి కేకేశాడు. "అమ్మా, నేను లేచినంక నాతోటి గూడ తినాలె!"

గంట కిందట ఇన్నయ్య కూడా ఆమెను బలవంతంగా పక్కన కూర్చోబెట్టుకుని, ఆమెకూ కంచం పెట్టించే తిన్నాడు.

ఇన్నమ్మ ఒక్క కంచమే పెట్టి బెన్నీకి వడ్డించింది.

"ఇయ్యాల్టి సంది నేను ఒక్కదాన్నే తింట," అంది ముగ్గురికీ వినబడేలా. "నాకు ఆకలైనప్పుడు."