డాక్టరు మీద అర్జీ

“డాక్టరు మీద రాయి బిడ్డా” అన్నాను, కలెక్టరాఫీసు గేటు దగ్గర అర్జీలు రాసే అతనితో.

“ఏం జేసిండమ్మా?”

“ఏం జెయ్యలే. గదే రాయి.”

నా మనవడు జస్టిన్ అడవిలో వెదురు కొడుతూ జారి పడ్డాడు. విరిగిన వెదురు ముక్క రొమ్ములో జానెడు దిగింది. ఖమ్మం దవాఖానాలో డాక్టరు దాన్ని ముట్టనే లేదు. రెండు గంటలు ఫోటోలు తీయించాడు.

“గుంజి పారేయక చూస్కుంట కూసున్నవేంది సారూ?” అన్నాను.

“అవ్వా, లోపల పెద్ద నరం తెగింది. ఆ కట్టెనే దానికి బిరడా లెక్క అడ్డముంది. ఇప్పుడు గుంజితే నెత్తురంతా పోతది. ముందు రొమ్ము కోసి నరాన్ని పట్టుకుంటం, కట్టె ఆఖరుకు తీస్తం.”

అట్లాగే చేశాడు.

అర్జీలతను కలం ఆపాడు. “మరి పిలగాడు?”

“ఇంట్ల గంజి తాగుతుండు.”

“బతికిస్తే కంప్లైంటేంది ముసలమ్మా? పోయి దండం పెట్టు.”

“నువ్వు రాయి. కట్టె ముందే గుంజాలె, డాక్టరుదే తప్పని రాయి. పెద్దసార్ల సంతకం గావాలె నాకు.”

“ఎందుకు?”

ఇరవయ్యేళ్ల కింద వాడి తండ్రిని, నా కొడుకు జోజిని, ఇట్లాగే రొమ్ములో కట్టెతో ఇంటికి మోసుకొచ్చారు. గుచ్చుకున్నది తీయందే మా వాడలో మనిషిని గడప దాటించరు. రెండు చేతులా పట్టి నేనే గుంజాను. పసుపు అద్దుతుండగానే పోయాడు.

“డాక్టరు జేసింది తప్పు గాకుంటే, నా కొడుకును సంపిందెవరు బిడ్డా?”