తొమ్మిదో నంబరు పట్టీ

"ఇది మళ్ళీ పనిచెయ్యడం లేదమ్మాయ్" అంటూ పెద్దాయన మణికట్టు ముందుకు చాపాడు.

ల్యాబులో తన బల్ల దగ్గరున్న ఆమె తలెత్తలేదు. ఒంటికి తొడుక్కునే యంత్రాల సదస్సుకు పరిశోధన పేపరు పంపడానికి ఇంకా నాలుగు రోజులే గడువు. ఆ పేపరును ఒప్పుకుంటేనే ఆమె ఉద్యోగం ఇంకో రెండేళ్ళు ఉంటుంది. లేకపోతే బల్ల ఖాళీ చెయ్యాలి.

"మొన్ననే కదండీ చూశాను?"

"చూశావు. ఇంటికెళ్ళగానే లైటు వెలగడం మానేసింది."

ఆయన చేతికున్న పట్టీ ఆమె తయారుచేసిందే. అది చేసే పని ఒక్కటే. పెట్టుకున్న మనిషి మాట్లాడితే పచ్చలైటు వెలుగుతుంది, మాటల్ని లెక్కపెడుతుంది. ఏం మాట్లాడారో దానికి అక్కర్లేదు. మాటలు మరీ తగ్గిపోయిన మనిషిని ముందే కనిపెడితే ఎవరో ఒకరు వెళ్ళి పలకరిస్తారని ఆమె ఆశ. అందుకే పన్నెండుమందికి నెలరోజులపాటు తొడిగింది. పెద్దాయనది తొమ్మిదో నంబరు.

"చూడండి, ఇప్పుడు వెలుగుతోందిగా!"

"అదే నా ఖర్మ. నీ దగ్గరికి తెస్తే బుద్ధిమంతురాలైపోతుంది" అని ఆయన నవ్వాడు. "భోంచేశావా?"

"చేశానండీ" అని అబద్ధం చెప్పి ఆమె కంప్యూటర్ వైపు తిరిగింది.

ఆయన కుర్చీలో కూర్చుని వాన వచ్చేలా ఉందన్నాడు. మోకాలు సంగతి చెప్పాడు. ఆమె ఊఁ కొట్టింది. కొంతసేపటికి ఆయనే లేచి వెళ్ళాడు.

"మీ చుట్టం వెళ్ళాడా?" అన్నాడు పక్క బల్ల అతను.

"పదకొండోసారి రావడం. పట్టీ ఇంట్లో సున్నా చూపిస్తుంది, ఇక్కడ వందలు చూపిస్తుంది."

"లోపల తీగ ఊడుంటుంది. ఆ మనిషిని లెక్కలోంచి తీసెయ్. గడువు నీకోసం ఆగదు."

తీసేసింది. పట్టీ చెడిపోయినందువల్ల ఒకరిని తొలగించామని పేపరు చివర చిన్న అక్షరాలతో రాసింది.

పట్టీ తిరిగిచ్చిన రోజున పెద్దాయన గుమ్మం దగ్గర ఆగాడు.

"ఇక రానక్కర్లేదా?"

"అక్కర్లేదండీ. మిమ్మల్ని చాలా శ్రమపెట్టాం."

"శ్రమేముందిలే" అని ఆయన మెల్లగా మెట్లు దిగాడు.

రెండు నెలల తర్వాత ఒక శుక్రవారం సమీక్షలు వచ్చాయి. రాసింది పేర్లు తెలియని ముగ్గురు. ఇద్దరు బాగుందన్నారు. మూడో ఆయన మాత్రం సూటిగా అడిగాడు. 'ఒంటరివాళ్ళను కనిపెడుతుందన్నారు. మిగిలిన పదకొండుమందిలో ఒక్కరైనా అలాంటివాళ్ళు దొరికారా? తీసేసిన మనిషి పట్టీ నిజంగానే చెడిపోయిందా?'

జవాబుకు సోమవారం సాయంత్రం ఐదింటిదాకా గడువు.

"ప్రతి సదస్సులోనూ ఒకడుంటాడు, కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాడు" అన్నాడు పక్క బల్ల అతను.

"రుజువేగా కావాలి? ఇస్తాను."

ఆ పట్టీనే తన చేతికి తగిలించుకుని ఇంటికి వెళ్ళింది. సోమవారం పొద్దున్నే గెలిచినట్టు తిరిగి వచ్చింది.

"చూడు! శనివారం సున్నా. ఆదివారం సున్నా. ఒక్క మాట పట్టుకుంటే ఒట్టు!"

ఆమె మణికట్టు మీద పచ్చలైటు వెలుగుతూ ఉంది. అతను దానివైపే చూశాడు.

"ఈ రెండు రోజులూ ఎవరితో మాట్లాడావ్?"

ఆమె రెండు రోజులూ గుర్తు చేసుకుంది. సరుకులు కొన్నది, కానీ అక్కడ మనిషి లేడు, యంత్రమే. పార్సిల్ తెచ్చినవాడు గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు. ఫోను మోగలేదు. తనూ ఎవరికీ చెయ్యలేదు.

ఆమెకు ముందు సిగ్గేసింది. తర్వాత భయమేసింది.

తొమ్మిదో నంబరు లెక్కలు మళ్ళీ తెరిచింది. ఏ తీగా ఊడలేదు. నెలరోజుల్లో ఆయన మాట్లాడింది పదకొండు రోజులు. పదకొండూ ఈ గదిలోనే. ఏ మనిషి కోసం ఇంత యంత్రం చేసిందో ఆ మనిషే వచ్చి ఎదురుగా కూర్చుంటే, చెడిపోయిన సరుకని పక్కన పడేసింది.

సమీక్షకు జవాబు రాసింది. 'పట్టీ చెడిపోలేదు. తప్పు మాదే. మేం చెప్పిన లెక్కలు నిలబడవు.'

"ఇది పంపితే పేపరు పోతుంది. నీ ఉద్యోగమూ పోతుంది" అన్నాడు పక్క బల్ల అతను.

"తెలుసు" అని పంపేసింది.

పట్టీ తొడిగిన రోజున పెద్దాయన నింపిచ్చిన కాగితం మీదున్న చిరునామా పట్టుకుని బయల్దేరింది. ఈసారి ఊఁ కొట్టకుండా మాట్లాడాలనుకుంది. మోకాలు ఎలా ఉందని అడగాలనుకుంది.

రెండో అంతస్తులో ఆయన తలుపుకు తాళం వేసి ఉంది. చప్పుడు విని పక్కింటావిడ బయటికొచ్చింది.

"ఎవరు కావాలమ్మా?"

"ఇక్కడుండే పెద్దాయన..."

"పోయి మూడు వారాలైంది తల్లీ. నిద్రలోనే. రెండు రోజులదాకా మాకే తెలీలేదు." ఆవిడ గొంతు తగ్గించింది. "నువ్వేమవుతావు ఆయనకి?"

ఆమెకు ఏడుపు వచ్చింది.

"ఏమీ కానండీ. చేతిపట్టీ చెడిపోయిందని మా దగ్గరికి వచ్చేవారు, బాగు చేయించుకోవడానికి."

పక్కింటావిడ ఆమెను వింతగా చూసింది.

"బాగు చేయించుకోవడానికా? నలభై ఏళ్ళు చెవి మిషన్లు విప్పి బాగుచేసిన మనిషమ్మా ఆయన, అందులో మాట పట్టే ముక్క పనిచేస్తోందో లేదో చేత్తో పట్టుకోగానే చెప్పేసేవారు!"