బుధవారం చిలగడదుంపలు

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. ఒత్తుల దగ్గర, దీర్ఘాల దగ్గర ఇంకా చెయ్యి ఆగుతుంది. ఒక్క పేజీకి ఒక పూట పడుతుంది. తప్పులుంటే దిద్దుకుని చదవండి, ఏమీ అనుకోకండి.

*

"మీ ఇంటికి బుధవారం బుధవారం సుట్టాలొస్తన్నారేటి ఒదినా?" గోడ అవతలి నుంచి అడిగింది ఉషారాణి.

"ఎవులూ రారే," అంది దుర్గాభవాని, బట్టలు ఆరేస్తూ.

"మరి మధ్యాన్నం మీ వంటింట్లో గాజులు గలగలమంటాయేటి? మీ ఆయన నవ్వు కూడా ఇనపడతాది. నాకెందుకులే."

దుర్గాభవాని చేతిలో చీర అలాగే ఉండిపోయింది. పగలంతా ఆమె బరంపురం బడాబజారులో జాకెట్లు కుడుతుంది. భర్త హరీష్‌ది ఫోన్లు బాగుచేసే దుకాణం. బుధవారం దానికి సెలవు. ఇక ఇంట్లో ఉండేది అత్త చిట్టమ్మ. మామ పోయిన తొమ్మిదేళ్ళుగా ఆమె బోసి చేతులతోనే ఉంది, పెళ్ళికి కూడా గడప దాటలేదు.

ఆ బుధవారం సాయంత్రం ఇంట్లోకి రాగానే కమ్మటి నూనె వాసన తగిలింది. పళ్ళెంలో వేలెడు పొడుగున కోసి వేయించిన చిలగడదుంప ముక్కలు నాలుగు మిగిలి ఉన్నాయి. జీలకర్ర పొడి, మిరప్పొడి చల్లి ఉన్నాయి. చల్లారినా కరకరలాడుతున్నాయి.

"ఎవులు సేసేరత్తా?"

"నానేనమ్మా."

"నివ్వు ఉడకబెట్టడమే గాని ఇలా ఎప్పుడు ఏపేవు?"

చిట్టమ్మ వినపడనట్టు పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఆదివారం దుర్గాభవాని తనే కూర్చుని దుంపలు కోసింది. ఉప్పూ కారం పట్టించి నూనెలో వేసింది. ముక్కలు మెత్తగా వాలిపోయాయి. హరీష్ ఒకటి నోట్లో వేసుకుని నవ్వాడు.

"ముందే ఉప్పేసీసేవా? అరగంట నీల్లలో నానబెట్టి, గుడ్డతో తడంతా ఒత్తీసి, బియ్యప్పిండి సల్లాల. ఒకపాలి సన్నమంట మీద ఏపి, ఆరబెట్టి, మళ్ళీ పెద్దమంట మీద ఏపాల. ఉప్పూ కారం దించేకే."

"ఇంత ఇవరం నీకెవులు సెప్పేరు?"

"సెయ్యి తిరిగినోలు," అన్నాడు.

ఆ మాట ఆమెకు రెండు రోజులు అన్నం సయించనివ్వలేదు. మంగళవారం అతని చొక్కా ఉతకబోతే జేబులో గాజుల కొట్టు చీటీ దొరికింది. పచ్చ మట్టిగాజులు, రెండు డజన్లు, సైజు రెండు ఎనిమిది. తనది రెండు నాలుగు. పెళ్ళైన ఆరేళ్ళలో తనకు ఒక్క గాజు కొనలేదు. ఠాకురాణి జాతరలో కూడా తన గాజులు తనే కొనుక్కుంది.

"లావుపాటిదన్నమాట," అనుకుంది. అది ఇంకా మంటగా ఉంది.

చీటీ గుప్పిట్లో పెట్టుకుని అత్త దగ్గరికి వెళ్ళింది. "బుధవారం ఇంటికి ఎవులొస్తన్నారో సెప్పు."

బియ్యం ఏరుతున్న చిట్టమ్మ చెయ్యి ఆగింది. "ఎవులొస్తారే పిల్లా."

"నీ కొడుకుని ఎనకేసుకొస్తన్నావు."

"కొన్ని నీకు తెలకపోతేనే మంచిది. ఈదిలో నోళ్ళు మంచియి కావు."

అంటే అత్తకు తెలుసు. కొడుకుతో పాటు అత్త కూడా ఆ వచ్చేదాని చేతి దుంపలు తింటోంది. దుర్గాభవాని గదిలోకి వెళ్ళింది. సంచిలో రెండు చీరలు పెట్టుకుంది. రేపు కళ్ళారా చూసి, అటునుంచి అటే భంజనగర్ పుట్టింటికి బస్సెక్కడమే.

మర్నాడు తలనొప్పని చెప్పి మధ్యాహ్నమే వచ్చేసింది. పక్కింటి గుమ్మంలో నిలబడి ఉన్న ఉషారాణి గడ్డంతో వీళ్ళ ఇంటివైపు చూపించింది. "ఉన్నాది, ఎల్లు."

వంటింటి తలుపు దగ్గరగా వేసి ఉంది. నూనె చిటపటలు. గాజుల గలగలలు. హరీష్ గొంతు.

"సిగ్గెందుకు? సెయ్యి కొంచెం ఇటు తిప్పు. గాజులు కనపడాల. అదీ, ఎంత బాగున్నాదో."

దుర్గాభవాని తలుపు తోసింది.

హరీష్ స్టూలు మీద నిలబడి, ఫోను బాణలి మీదికి వంచి వీడియో తీస్తున్నాడు. ఆమెను చూసి కంగారుగా దిగాడు. "దుర్గా, ఊరుకో. బయట సెప్పకు. నెట్‌లో మొకం పెట్టటం లేదు, సేతులే పెడతన్నాం."

"ఏది అది? ఎక్కడ దాసేవు?"

తలుపు వెనక చూసింది. పెరటి తలుపు చూసింది, లోపలి నుంచి గడియ వేసి ఉంది. పొయ్యి దగ్గర చిట్టమ్మ ఒక్కతే, తల వంచుకుని, రెండు చేతులూ గబగబా కొంగులో దాచుకుంటోంది.

కొంగు కింద గాజులు గలగలమన్నాయి.

— వాసవీకుమారి, అరవై నాలుగేళ్ళు, ఇప్పుడు ఉండేది ఛత్రపురంలో