అత్తగారి నడక

డాక్టర్ హిమజ వంశపారంపర్యంగా వచ్చే నడక జబ్బుల మీద ఇరవయ్యేళ్లు పరిశోధన చేసి, చివరికి మందు కనిపెట్టింది. జబ్బుపడిన మెదడుకు నడక నేర్పాలంటే, ఆ మందులో ఎవరో ఒకరి నడక నింపాలి. ఇంట్లో తీరిగ్గా దొరికింది అత్తగారు రత్నమాంబ ఒక్కతే. ఆవిడను హాల్లో అటూ ఇటూ నడిపించి, ఆ నడకే నింపింది.

ఏడాది తిరిగేసరికి మందు వాడిన కాకినాడ జనమంతా నడుం మీద చెయ్యి పెట్టుకుని, గడ్డం పైకెత్తి, విసవిసా నడవసాగారు.

రత్నమాంబ గడప దాటడం మానేసింది. "ఊరంతా నన్నే వెక్కిరిస్తోందమ్మాయ్! ఆ మందు ఆపించెయ్," అంది.

"ఆపేస్తే వాళ్లు మళ్లీ మంచాన పడతారు అత్తయ్యా," అంది హిమజ. ఆవిడ వింటేనా!

మర్నాడు, ఏళ్ల తరబడి మంచం దిగని పక్కవీధి సూర్రావు సొంత కాళ్ల మీద వాళ్లింటికొచ్చాడు. "తమరి నడకే నన్ను లేపి నిలబెట్టిందండీ," అంటూ ఒంటిచేత్తో దండం పెట్టాడు. రెండో చెయ్యి నడుం దిగలేదు.

రత్నమాంబ కళ్లు తుడుచుకుంది. అతని కాళ్లకేసి చూసి మొహం చిట్లించింది.

"ఆ ఎడం కాలు ఈడుస్తావేంటయ్యా? నా పరువు తీస్తావా? ఇలా చూడు!" అంటూ వీధిలోకి దిగింది. సూర్రావు వెనకాలే అదే నడక అందుకున్నాడు.

హిమజ గుమ్మంలోంచి చూస్తూనే ఉంది. ఎదురొస్తున్న కూరగాయల బండివాడు, వీళ్లిద్దరూ తన మీదికే గొడవకొస్తున్నారనుకుని, బండిని పక్కసందులోకి తిప్పేశాడు.