రోలర్ల మీద ఊశన్న

“ముందు ఊశన్నను కిందికి దించుండ్రి సార్. ఆ తర్వాత మీరెన్ని నెలలన్నా ఆరాం చెయ్యుండ్రి.”

గడప దగ్గర నిలబడి సీమోను ఈ మాట అనడం ఇది మూడోసారి. పక్కన నర్సింలు పిల్లల పత్రిక ఒకటి పట్టుకుని ఉన్నాడు. ఇద్దరూ బోధన్ అవతల ఓ ప్రైవేటు చెరుకు మిల్లులో చెరుకు నలిపే రోలర్ల దగ్గర పనిచేసేవాళ్లు. పొద్దున్నే బస్సెక్కి నిజామాబాద్ వచ్చి, నలుగురిని అడిగి ఈ ఇల్లు పట్టుకున్నారు.

మంచం మీద రాజలింగు కళ్లు మూసుకున్నాడు. పద్దెనిమిదేళ్లుగా ఆ పత్రికలో నెలనెలా ఆయన రాస్తున్న బొమ్మల కథలో హీరో ఆ ఉక్కు ఊశన్న. పోయిన నెల ఆఖరి బొమ్మలో దొంగలు ఊశన్నను తాడుతో కట్టి, చెరుకు మిల్లు రోలర్ల మీద తలకిందులుగా వేలాడదీశారు. దొంగల నాయకుడి చెయ్యి మిషను పిడి మీద ఉంది. దాని కిందే, ‘రచయితకు గుండె బాగా లేనందున, డాక్టరు సలహాపై ఈ కథకు మూడు నెలలు సెలవు’ అని అచ్చయింది.

“అది కాగితం మీద బొమ్మ, సీమోనూ,” అన్నాడు రాజలింగు నీరసంగా.

“కాగితమే సార్, కాదంటలేను. కానీ సోమవారం సీజన్ షురూ అయితది. రోలర్లకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాలె. మీద మనిషి వేలాడంగ కాయ కొట్టొద్దని మావోళ్లంత ఒక్కటే లొల్లి. రోలర్లకు మనిషిని ఆశ చూపెట్టినట్టు అయితదట. ఇగ చెరుకుతోని ఊకోదట.”

“నువ్వు యేసును మొక్కేటోనివి. నీకెందుకు తమ్మీ ఈ పట్టింపులు?” అంది రాజలింగు భార్య గోదావరి. కలం, సిరాబుడ్డి ఆమె ఎప్పుడో పెట్టెలో పెట్టి తాళం వేసేసింది.

“నేను కాయ కొట్టనక్కా, ప్రార్థన చేస్త. అయినా చెరుకు లోపలికి నూకేది గీ చేతులే గద. నిన్న ఊరికెనే రోలర్లు కడుగుతుంటెనే వణికినయి.”

సీమోను చేతులు ముందుకు చాపాడు. ఎడమ చేతికి చిటికెన వేలు లేదు. రాజలింగు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. సిగ్గేసింది ఆయనకు. ఊశన్నను కొండల మీంచీ బావుల్లోంచీ రెండు వందల సార్లు కాపాడి కాపాడి ఆయన నిజంగానే అలసిపోయాడు. తనను కాపాడేవాడు మాత్రం ఒక్కడూ కనపడలేదు.

“రాయకుండ్రి సార్,” నర్సింలు బతిమాలాడు. “ఊశన్న ఎట్ల దిగిండో నోటితోని ఒక్క ముక్క చెప్పుండ్రి సాలు. గదే మావోళ్లకు చెప్పుకుంటం.”

రాజలింగు నోరు తెరిచాడు. మళ్లీ మూసేసి, గుండె మీద చెయ్యి వేసుకుని వెనక్కి వాలిపోయాడు.

“అయ్యో! డాక్టర్ సాబ్ మాట్లాడద్దన్నరు! మీరు మనుషులేనా?” గోదావరి మంచం దగ్గరికి పరిగెత్తింది. కళ్లనిండా నీళ్లు.

సరిగ్గా అప్పుడే డాక్టర్ రామ్‌దాస్ సంచి పట్టుకుని లోపలికి వచ్చాడు. సంగతి విని మండిపడ్డాడు.

“కథ పేరు ఎత్తితెనే ఈయనకు నొప్పి లేస్తుంది. మీ బొమ్మ కోసం ఒక మనిషి పానం తీస్తరా? నడువుండ్రి!”

ఇద్దరూ తలలు దించుకున్నారు. సీమోను చెప్పులు తొడుక్కుంటూ ఆగి, “తప్పయింది సార్. సోమవారం ఏమైతే గది అయితది. మీ గుండె కోసం గూడ ప్రార్థన చేస్త,” అన్నాడు. ఆ మాటకు రాజలింగు కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

వాళ్లు మలుపు తిరిగాక గోదావరి కళ్లు తుడుచుకుని చాయ్ పెట్టడానికి వెళ్లింది. డాక్టరు మంచం మీద కూర్చుని, స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత వంటింటి వైపు ఒకసారి చూసి, దగ్గరికి జరిగాడు.

“వాళ్లనైతే పంపించిన. నాకన్న చెప్పుండ్రి రాజలింగు గారూ. నాకు గూడ నెల సంది నిద్ర పడ్తలేదు. ఊశన్న ఎట్ల దిగుతడు?”

రాజలింగు దిండు మీంచి తలెత్తి, గొంతు తగ్గించి అన్నాడు:

“గది తెల్వకనే గద డాక్టర్ సాబ్, గుండెల నొప్పని మీ దగ్గరికి వచ్చిన!”