బ్రిస్కో ముక్కు

చట్టం మారిపోయాక, పాత తీర్పు ఎవరి తప్పు? ఏళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది.

అమెరికాలోని కొలరాడోలో గంజాయి అమ్మకం నేరం కాకుండా పోగానే పోలీసు కుక్క బ్రిస్కో ఉద్యోగం ఊడింది. చట్టం మారిందని దాని ముక్కుకి ఎవరూ నేర్పలేకపోయారు. మా జంతు శరణాలయానికి చేరిన దాన్ని పెంచుకుంటానంటూ వెండెల్ అనే అతను వచ్చాడు.

"నా కారులో గంజాయి పట్టింది ఇదే మేడమ్. నాకు మూడేళ్ల జైలు, దీనికి ఒక బిస్కెట్టు. ఇప్పుడిద్దరం నిరుద్యోగులమే. గంజాయి దుకాణంవాడు కూడా, గంజాయి కేసుందని నన్ను పనిలోకి వద్దన్నాడు."

మత్తు కేసుల్లో శిక్షపడినవారికి కుక్కనివ్వరాదని దరఖాస్తులో ఒక నిబంధన ఉంది. నా కలం ఆగింది.

"సంతకం పెట్టేయండి మేడమ్," అని నవ్వాడు. "ఆనాడు కోర్టులో మీరు జూరీకి పెద్దగా ఉండి నా తీర్పు మీద సంతకం పెట్టినప్పుడు ఇంత ఆలోచించలేదుగా."

నిబంధన కొట్టేసి సంతకం పెట్టాను. అప్పటి సంతకం తప్పో, ఇప్పటిది తప్పో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.